పోలయ్య కోసిన కన్నం

మా జోగినాథం మేష్టారిని ప్రశ్న అడగడమంటే మర్నాడు పొద్దున్నే బస్సెక్కడానికి సిద్ధపడటమే. అడిగినదానికి నోటితో జవాబు చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. రాజమండ్రిలో ఒక మందుల కొట్టు మీద రెండు గదుల ఆఫీసు మాది. ఎక్కడ యంత్రం ఇరుగుపొరుగుని నిద్రపోనివ్వకపోయినా, ఎక్కడ గోడ అదిరి అల్మారాలో గిన్నెలు గలగలలాడినా, ఆ చప్పుడుకీ అదురుకీ విరుగుడు చెప్పడం మా వృత్తి. ముప్పై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న మేష్టారి దగ్గర నాతో కలిపి నలుగురం నేర్చుకుంటున్నాం. మా నలుగురిలోకీ చురుకైనది హైమవతి. కోపంలోనూ తనే మొదటిది.

ఆ రోజు హైమ వస్తూనే సంచీ బల్ల మీద పడేసి అడిగింది.

"మేష్టారూ, మనం చక్కగా చేసిన పనిని ఒకడు చెడగొడితే వాణ్ణి ఏం చెయ్యాలి?"

మేష్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఏ పని, ఎవరా మనిషి అని నెమ్మదిగా అడిగారు. హైమ ఊపిరి తీసుకోకుండా చెప్పుకొచ్చింది.

అది హైమ సొంతంగా చేసిన మొదటి పని. కాలవగట్టు మీది ఊళ్ళో భామిరెడ్డి గారి రైసు మిల్లు. మిల్లు వెనక వీధిలో సుభాషిణి అనే నర్సు ఉంటుంది. ఆవిడకి రాత్రి ఆస్పత్రిలో డ్యూటీ, పగలు నిద్ర. ఊకని బయటికి చిమ్మే బ్లోయరు హోరుకి ఆ నిద్ర కాస్తా కరువైపోయింది. ఒకసారి ఒకరికి ఎక్కించాల్సిన సీసా ఇంకొకరి మంచం దాకా తీసుకెళ్ళి ఆఖరి క్షణంలో చూసుకుందట. ఆ భయంతోనే అర్జీ పెట్టింది, మిల్లుకి నోటీసు వచ్చింది. అప్పుడు హైమ వెళ్ళి బ్లోయరు చుట్టూ, యంత్రం ఆగితే తప్ప తియ్యకూడని తలుపుతో, రేకుల గది కట్టించింది. గది లోపల దూదిలాంటి మందపాటి పలకలు పరిపించింది, యంత్రం కింద రబ్బరు దిమ్మలు వేయించింది. గదికీ యంత్రానికీ మధ్య ఎక్కడా ఇనుముకి ఇనుము తగలకుండా రెండు నెలలు కాపలా కాసింది. నర్సు కిటికీ దగ్గర డెబ్బై ఒకటి డెసిబెల్స్ చూపించిన చప్పుడు మీటరు యాభై నాలుగుకి దిగింది. పగటిపూట యాభై ఐదు దాటకూడదని నిబంధన. సుభాషిణి మూడు వారాలు కంటినిండా నిద్రపోయింది.

నాలుగో వారం ఆవిడ ఫోను చేసి, సన్నగా కూతలాంటిది వస్తోందని చెప్పింది. హైమ పరిగెత్తుకెళ్ళి చూస్తే నర్సు ఇంటి వైపు గోడకి అరచెయ్యంత కన్నం ఉంది. చిన్న చిల్లులోంచి చప్పుడు ఎంత కారుతుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మీటరు యాభై ఎనిమిది అంది. కోసినవాడు మిల్లు నడిపే డ్రైవరు పోలయ్య. ఎందుకు కోశావని ఎన్నిసార్లు అడిగినా తల వంచుకుని నిలబడ్డాడు తప్ప నోరు విప్పలేదు. మొదటి రోజున హైమ ఇచ్చిన చెవి మూతలు కూడా మేకుకి వేలాడుతున్నాయట, ఒక్కనాడూ పెట్టుకున్న జాడ లేదు. భామిరెడ్డి గారికి తనిఖీ పది రోజుల్లో ఉంది. మీరొక్క ముక్క రాసివ్వండి, ముప్పై ఏళ్ళ నౌకరీ అయినా సరే పోలయ్యని రేపే పంపించేస్తానన్నారు. హైమ ఆ ఉత్తరం రాసుకునే వచ్చింది. మేష్టారి సంతకమే తరవాయి.

మేష్టారు ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "రేపు ఏడింటి బస్సుకి వెళదాం" అన్నారు. నన్నూ రమ్మన్నారు. విద్య నేర్పడానికి అనుకుని మురిసిపోయాను గానీ, మీటరు పెట్టె మొయ్యడానికని తర్వాత తెలిసింది.

మిల్లుకి చేరాక మేష్టారు, భామిరెడ్డి గారు వెంట రాగా, గది చుట్టూ ఒకసారి తిరిగి కన్నాన్ని చూశారు. పోలయ్య యాభై దాటిన మనిషి, బక్కపల్చగా, కనుబొమ్మల నిండా తవుడుతో ఉన్నాడు. మేష్టారు అతని వెనక నిలబడి రెండుసార్లు పేరు పెట్టి పిలిచారు. అతను తిరగలేదు. పొగరు చూశావా అని హైమ నా వైపు గుడ్లురిమింది, కన్నం నేనే కోసినట్టు. అప్పుడు మేష్టారు ఒక గోనెసంచి మడిచి కన్నంలో కుక్కించి, మిల్లు నడవనివ్వమని చెప్పి బస్తాల మీద కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం.

ఆ అరగంట పోలయ్య పడిన అవస్థ నేను మర్చిపోలేను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాడిలా ఒక చోట నిలవలేకపోయాడు. గది దగ్గరికి పోయి రేకు మీద చెయ్యి వేస్తాడు. హైమ పనితనం గొప్పది, రేకు రాయిలా ఉంటుంది, ఏమీ చెప్పదు. జల్లెడల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తాడు, రేకుకి కణత ఆనించి కళ్ళు మూసుకుంటాడు, తల అడ్డంగా ఊపి లేస్తాడు. భామిరెడ్డి గారు ఫోను వచ్చి బయటికి వెళ్ళాక మేష్టారు పోలయ్య ముందుకి వెళ్ళి, తన పెదవులు అతనికి కనబడేలా నిలబడి, ఏం వెతుకుతున్నావయ్యా అని అడిగారు. పోలయ్య గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు.

"మూడేళ్ళ కిందట ఈ బ్లోయరు బేరింగు పట్టేసిందండి. నిప్పురవ్వలు లేచి ఊక అంటుకుంది. మా బావమరిది చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. అది పట్టేసే ముందు రెండ్రోజులు కూత్తాదండి. ఆ కూత ఇంటే చాలు, ఆపేత్తాను. ఈ గది కట్టాక నాకేటీ ఇనపడతల్లేదండి, చెవి పెట్టుకోడానికే ఆ కన్నం కోశానండి."

హైమ ముఖం మారింది. ఈ మాట నాకెందుకు చెప్పలేదని అడిగింది. అతను ఆమె పెదవుల వంకే చూసి, గొంతు తగ్గించాడు.

"అది చెబితే చెవుల సంగతీ చెప్పాలి కదండీ అమ్మాయిగారూ. మందగించాయండి. రెడ్డిగారికి తెలిత్తే ఇంటికెళ్ళిపొమ్మంటారు."

ముప్పై ఏళ్ళు ఆ హోరులో నిలబడి మిల్లుని కాపాడిన చెవులవి. వాటిని తిన్నదీ ఆ హోరే. మూతలు పెట్టుకుంటే మిగిలిన ఆ కాస్తా వినపడదని అతను వాటిని మేకుకి తగిలించాడు. హైమ తన ఉత్తరంలో అజాగ్రత్తపరుడని రాసింది. ఆ మాట గుర్తొచ్చి కాబోలు తల దించుకుంది. నాకూ సిగ్గేసింది, పొగరు అని నేనూ నమ్మాను కాబట్టి.

చెవులు తగ్గాక, ఈ గది రాకముందు, మరి ఎలా వినేవాడివని మేష్టారు అడిగారు. పోలయ్య మొలలోంచి మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు తీశాడు. దాని మొనని బేరింగు మీద ఆనించినట్టు గాల్లో పెట్టి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకి నొక్కుకున్నాడు. ఇనుము చెబుతాదండి అన్నాడు.

హైమ ఆ స్క్రూడ్రైవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇనుముకి ఇనుము తగలనివ్వకూడదన్నది మా విద్యలో మొదటి పాఠం. తగిలిన చోటల్లా అదురు దారి చేసుకుని ఇల్లు దాటిపోతుంది. అలాంటి దారులన్నీ వెతికి వెతికి మూసినందుకే ఆమెకి గర్వం. ఇప్పుడు ఆమే సంచీలోంచి కాగితం తీసి, ఒక దారి గీసింది. బేరింగు మీద ఒక ఇనప కడ్డీ బిగించి, కన్నంలోంచి బయటికి తీసుకురావాలి. కడ్డీ రేకుకి తగలకుండా చుట్టూ రబ్బరు వలయం, మిగిలిన కన్నానికి దూది పలకతో మూత. కడ్డీ చివర చెక్క గుబ్బ. ఆ గుబ్బ ఎంత ఎత్తులో ఉండాలో పోలయ్యనే అడిగి రాసుకుంది.

సెంటర్లో ఉన్న వెల్డింగు షాపతను మధ్యాహ్నానికల్లా పని ముగించాడు. పోలయ్య గుబ్బ మీద అరచెయ్యి వేశాడు. కాసేపటికి అతని భుజాలు దిగాయి. ఆపండి, గ్రీజు అడుగుతోంది అన్నాడు. ఆపి, తెరిచి చూస్తే బేరింగు పొడిబారి ఉంది. గ్రీజు పెట్టి మళ్ళీ నడిపించారు. పోలయ్య తనంతట తనే వెళ్ళి మేకు మీది చెవి మూతలు తీసి, తవుడు దులిపి పెట్టుకుని, మళ్ళీ గుబ్బ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇక చెవులతో పని లేదు కదా. నేను మీటరు మోసుకుని వెనక వీధికి వెళ్ళాను. యాభై నాలుగు. సుభాషిణి తలుపులు వేసి ఉన్నాయి. ఈ కబురు చెప్పడానికి ఆవిడని లేపడం ఎందుకని వచ్చేశాను.

భామిరెడ్డి గారు తిరిగొచ్చి ఉత్తరం ఏదని అడిగారు. మేష్టారు జేబు తడుముకోలేదు. హైమ ముందుకొచ్చింది.

"తప్పు నా డ్రాయింగులో ఉందండీ రెడ్డిగారూ. మీ డ్రైవరు దాన్ని దిద్దాడు. ఈయన ఉన్నన్నాళ్ళూ మీ మిల్లుకి నిప్పు భయం లేదు."

అంత కోపిష్టి పిల్ల ఆ మాట అనడానికి ఎంత మింగిందో నాకు తెలుసు. భామిరెడ్డి గారు కడ్డీనీ పోలయ్యనీ మార్చి మార్చి చూసి, చప్పుడు తగ్గింది, నాకంతే చాలు, మనిషిని ఎందుకు మారుస్తానన్నారు. పోలయ్యకి ఆ మాట వినపడలేదు గానీ, ముఖం చూసి అర్థమైంది.

తిరుగు బస్సులో కాలవ వంతెన దాటాక హైమ మేష్టారి వైపు తిరిగి, ఈసారి నిజంగానే చెడగొట్టేవాడు ఎదురైతే ఎలా పోల్చుకోవాలని అడిగింది.

"చెడగొట్టేవాడు తలుపే పీకి పారేస్తాడమ్మా," అన్నారు మేష్టారు. "ఇతను తన చెవి పట్టేంతే కోసుకున్నాడు."