పాదచారి గారి భోజనం

అత్తగారికి తెప్పించిన భోజనాన్ని ప్రసూన రోబోకి తినిపించేసింది. అదీ జరిగిన ఘోరం.

తూముల వీధి మొత్తానికి తెలివంటే తమ ఇంటిదేనని ప్రసూన నమ్మకం. తను ఎమ్మే. మొగుడు కామేశం బీకాం. మరిది గవర్రాజు ఏదీ కాకపోయినా పేపర్లో టెండర్ నోటీసులు కూడా వదలకుండా చదువుతాడు.

ఆ రోజు గ్యాస్ అయిపోయింది. షుగరున్న అత్తగారు తాయారమ్మ ఇన్సులిన్ వేసుకుని కంచం ముందు కూర్చుంది. ఆలస్యమైతే ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. మెస్సుకి ఫోన్ చేస్తే వాళ్ళు భోజనాన్ని రోబో బండిలో పంపించారు. అది ఫుట్‌పాత్ మీద బుద్ధిగా వచ్చి, గుమ్మం ముందు కామేశం అడ్డంగా పెట్టిన స్కూటర్ దగ్గర ఆగిపోయింది.

"స్కూటర్ తియ్యండి," అంది ప్రసూన.

"ఎందుకూ? మనుషులంతా రోడ్డు మీదకి దిగి పోవట్లేదూ? అదీ దిగుతుంది," అన్నాడు కామేశం.

"అలా కుదరదన్నయ్యా," అని గవర్రాజు పేపరు విప్పాడు. "మునిసిపాలిటీ వాళ్ళ కొత్త రూలు. ఫుట్‌పాత్ మీదుంటే రోబో పాదచారి. రోడ్డెక్కితే వాహనం."

"కొత్త వాహనం పూజ లేకుండా రోడ్డెక్కుతుందా?" అంది ప్రసూన.

అంతే. కామేశం ఒక్కో చక్రం ముందు ఒక్కో నిమ్మకాయ పెట్టాడు. ఎదురుగా ఏదైనా అడ్డముంటే ఆ బండి కదలదు. కదల్లేదు.

"నిమ్మకాయ తొక్కలేదంటే వాహనం కాదన్నమాట," అన్నాడు గవర్రాజు. "పాదచారే వదినా."

ప్రసూన మనసు చివుక్కుమంది. అన్నం వేళకి గుమ్మంలోకొచ్చిన మనిషిని వాళ్ళింట్లో ఏనాడూ వట్టి కడుపుతో పంపలేదు. ఇంకేముంది, ముగ్గురూ కలిసి దాన్ని ఎత్తుకొచ్చి హాల్లో పీట మీద కూర్చోబెట్టారు.

"ఇంట్లో ఏమీ వండలేదు కదే," అన్నాడు కామేశం.

"ఆయనే తెచ్చుకున్నారుగా."

ప్రసూన మూత తీసి, లోపలున్న క్యారేజీ విప్పి, అన్నంలో సాంబారు కలిపి, ఆ బండి పొట్టలోనే వంచింది. రోబో కుయ్యిమంది.

"చాలంటున్నారు వదినా."

"మొహమాటం. మజ్జిగ కూడా పోద్దాం."

పోసేసరికి పొగ లేచింది. సాంబారు బాగా వేడిగా ఉన్నట్టుందని కామేశం విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు.

"నా అన్నమేదే?" అని లోపలినుంచి తాయారమ్మ.

"వచ్చినాయన తింటున్నారు అత్తయ్యా."

తాయారమ్మ హాల్లోకొచ్చి ఒక్కసారి చూసింది. గోడ పట్టుకుంటూ పక్కింటికెళ్ళి, రెండు చపాతీలు తిని ఓపిక కూడదీసుకుని వచ్చింది. "ఇంకోసారి నా తిండి ఆ డబ్బాలో తెప్పించావంటే పక్కింట్లోనే ఉండిపోతాను," అంది.

ప్రసూనకి సిగ్గేసింది. ఇకమీదట గ్యాస్ లేనినాడు తనే స్వయంగా మెస్సుకెళ్ళి అత్తగారి భోజనం తేవాలని నిర్ణయించుకుంది. ఫుట్‌పాత్‌కి స్కూటర్ అడ్డం కనక మెస్సుకి రోడ్డు మీదే వెళ్ళాలి. రోడ్డెక్కితే వాహనం. అందుకని వీపుకి నంబరు ప్లేటు కట్టుకుని, నోటితో హారన్ కొట్టుకుంటూ వెళ్తుంది. దారిలో ఎవరైనా పలకరిస్తే, "ఇక్కడ నో పార్కింగండీ," అని ఆగకుండా పోతుంది. ఇంతవరకూ ఒక్కనాడూ ఆ నిర్ణయం తప్పలేదు.