మెలోడియన్ ఇచ్చిన మడత

ఒకప్పుడు కప్పకు గొంతు లేదు. ఆకాశంకేసి చూసీ చూసీ కళ్లు మాత్రం ఇంతింత అయ్యాయి.

అది జ్యేష్ఠ బహుళ పంచమి, శనివారం, దీపాలు పెట్టే వేళ. నాంచారమ్మగారి పెరట్లో, బావిగట్టు పక్క గుంటలో నీళ్లు అడుగంటాయి. కప్ప పిల్లలు ఆ కాసిని నీళ్లలోనే తోకలాడిస్తున్నాయి. ఇంకా కాళ్లైనా మొలవలేదు.

"తెల్లారేసరికి ఇదీ ఇంకిపోతుంది. నేనైతే గెంతి పోతాను. మరి వీళ్లో?" అని తల్లికప్ప లోలోపలే కుమిలిపోయింది.

పైన నల్లమబ్బు తన దారిన తాను పోతోంది. పిలిచేవాళ్లుంటే కదా ఆగడానికి!

ఇంతలో వసారాలో భజన మొదలైంది. నాంచారమ్మగారు హార్మోనియంలాంటి మెలోడియన్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని తిత్తి లాగారు. మడతలు మడతలుగా ఉన్న ఆ తోలుతిత్తి ఊపిరి పీల్చింది. నొక్కితే పాడింది.

మబ్బు ఠక్కున ఆగింది! హారతి అయి పాట ఆగగానే మళ్లీ కదిలిపోయింది.

భజన కాగానే పెట్టెలోని గాలంతా వదిలి పట్టీ బిగించడం ఆడపడుచు కోటమ్మ పని. ఆ పూట అటుకుల ప్రసాదం మీద ధ్యాసతో మరిచిపోయింది. తిత్తిలో ఒక్క ఊపిరి మిగిలింది.

కప్ప గెంతుకుంటూ వచ్చి పెట్టె ముందు కూర్చుంది. కళ్లనిండా నీళ్లు.

"మబ్బు కావాలా చెల్లీ?" అంది మెలోడియన్. "చేతులు పడందే నేను పాడలేనమ్మా. ఇదిగో, నా చివరి మడత తీసుకో. పాట రాదు. పిలుపు మాత్రం వస్తుంది."

ఆ మాటతో దాని ఊపిరి అయిపోయింది.

కప్ప ఆ మడతను గడ్డం కింద అతికించుకుని గాలి పీల్చింది.

"బెక... బెక!"

"ఎవరమ్మా నన్ను పిలిచింది?" అంటూ మబ్బు వెనక్కి తిరిగింది. ఉన్నదంతా కురిసేసింది.

మర్నాడు పొద్దున నాంచారమ్మగారు తిత్తి లాగితే బుస్సుమంది.

"వదినా, మీ పెట్టెకు పడిశం పట్టింది!" అని నవ్వింది కోటమ్మ.

"పట్టీ బిగించమంటే అటుకులు బిగించావు. నవ్వకు!"

గుంట నిండుగా ఉంది. గట్టు మీద కప్ప గొంతు ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఆ తోలును నాంచారమ్మగారు గుర్తుపట్టారు.

"లాక్కురానా వదినా?"

"వద్దమ్మా. పిల్లలతల్లి. మన పాట ఒక పూట ఆగితే స్వామి ఏమీ అనుకోడు."

ఆమె తన పట్టుచీర చెంగు చింపి తిత్తికి అతికించుకున్నారు.

అప్పటినుంచే, మబ్బు కనబడితే చాలు, కప్ప గొంతు తిత్తిలా ఉబ్బుతుంది. వాన కురుస్తున్నా పిలవడం మానదు. మానితే మబ్బు వెళ్లిపోతుందేమోనని దాని బెంగ.