ముసుగు మలుపు దగ్గర మూడు వెలుగులు

మంచు మంచు మావయ్యా, మా ఊరెక్కడ దాచావు?
కోడి కూత దాచావు, కొండ నెత్తి దాచావు...

ఆ తర్వాత ఇంకో వరస ఉంది అమ్మడూ. 'గుమ్మం ముందర' అని ఏదో వస్తుంది. నా చిన్నప్పుడు మంచు దిగితే ఆడపిల్లలమంతా చేతులు చాపుకుని గిరగిరా తిరుగుతూ పాడేవాళ్ళం. రెండు వరసలు మిగిలాయి, మూడోది ఆ మంచులోనే పోయింది. పోనీలే. ఇలా దగ్గరికి జరుగు, కథ చెప్తాను.

అనగనగా ఒక ఊళ్ళో, మబ్బు గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చి కూర్చునే ఒక కొండ ఊళ్ళో, లోవరాజు అని ఒక జీపు డ్రైవరు ఉండేవాడు. ఆయన భార్య పేరు నూకాలు. వారానికోసారి సంత. ఆ రోజు తెల్లవారుజామునే ఊళ్ళోవాళ్ళు అల్లం బుట్టలు జీపు మీదికి ఎక్కించి, తామూ ఇరుక్కుని కూర్చుని, ఘాటు రోడ్డు దిగి కిందికి వెళ్ళేవాళ్ళు. జీపు నడపడం లోవరాజు పని. మరి నూకాలు పని ఏమిటో తెలుసా? జీపు ముందు నడవడం!

నవ్వకు. నిజంగానే నడిచేది. ఘాటు మధ్యలో ముసుగు మలుపు అని ఒకటి ఉంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. చలికాలం అక్కడ మంచు ఎంత చిక్కగా ఉంటుందంటే, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. అందుకని ఆ దారిలో ఒక పద్ధతి ఉండేది. మలుపు రాగానే బండిలోంచి ఎవరో ఒకరు దిగాలి. వీపు మీద తెల్ల తువ్వాలు పరుచుకుని, రోడ్డు అంచు కాలితో తడుముకుంటూ నడవాలి. వెనకాల బండి ఆ తెల్లటి తువ్వాలునే చూసుకుంటూ మెల్లగా రావాలి. లోవరాజు జీపుకి పంతొమ్మిదేళ్ళుగా ఆ తువ్వాలు నూకాలుదే.

అప్పుడు ఒక చలికాలం ఏమైందంటే, నూకాలు కాలు జారింది. అంచు మీద గడ్డి తడిగా ఉంది. ఎలాగో ఒక రాయి పట్టుకుని ఆగింది గానీ, కాలి చెప్పు లోయలో పడింది. అది కింద పడ్డ చప్పుడు కోసం ఆమె చెవి పెట్టి విన్నది. ఎంతసేపు విన్నా చప్పుడు రాలేదు.

జీపులోంచి చూస్తున్న లోవరాజుకి చెప్పు కనపడలేదు, రాయి కనపడలేదు. ఉన్న తువ్వాలు ఉన్నట్టుండి లేకుండా పోయింది, అంతే. మళ్ళీ అది కనపడేదాకా ఆయన బ్రేకు మీంచి కాలు తీయలేదు.

ఆ తర్వాత ఆయన అన్నాడు, "నూకాలూ, ఇంక నువ్వు దిగొద్దు."

"నేను దిగకపోతే ఎవరు దిగుతారయ్యా? ఈ వెనకున్న పన్నెండు మందీనా? ఆళ్ళకి జీపు ఎక్కడమే సగం రాదు" అన్నది నూకాలు.

"ఎవరూ దిగక్కర్లేని దీపం తెస్తాను" అన్నాడు లోవరాజు.

కింద ఊళ్ళో జిలానీ అని ఒక మేస్త్రి ఉండేవాడు, బళ్ళకి కరెంటు పని చేసేవాడు. ఆయన కొట్లో కొత్త రకం దీపాలు వచ్చాయని లోవరాజు విన్నాడు. జినాన్ దీపాలు. మామూలు బల్బులో తీగ ఉంటుంది కదా, ఎర్రగా కాలి వెలుగుతుందే, అది. వీటిలో తీగే లేదు. బఠాణీ గింజంత గాజు బుడగ, అందులో జినాన్ అనే గాలి, అటొక సూది, ఇటొక సూది. మీట నొక్కగానే ఈ సూది నుంచి ఆ సూదికి మెరుపు దూకుతుంది. దూకి అక్కడే ఉండిపోతుంది. పిడుగుని పట్టి బఠాణీ గింజలో పెట్టినట్టన్నమాట!

ఆ జినాన్ ఎక్కడో దొరికే వింత గాలి కాదు. మనం పీల్చే గాలిలోనే ఎక్కడో రవ్వంత ఉందిట. ఇప్పుడు నీ ముక్కులోకి పోయి వస్తూనే ఉంది. అవును, నీ ముక్కులోకే. అంత గట్టిగా పీల్చకు, దగ్గొస్తుంది.

జిలానీ కొట్లో మూడు పెట్టెలు ఉన్నాయి. ఒకదాని మీద పదివేలు అని అంకె, అది ధర కాదు సుమా. ఇంకోదాని మీద ఆరువేలు. మూడోదాని మీద నాలుగువేల మూడు వందలు. లోవరాజుకి తెలిసిన లెక్క ఒకటే. ఇంట్లో బల్బు నలభై కన్నా అరవై వెలుగు, అరవై కన్నా వంద వెలుగు. కాబట్టి పదివేల దీపం పట్టుకొచ్చాడు.

ఆ సాయంత్రం జీపు దీపాలు వెలిగిస్తే ఊరు ఊరంతా వచ్చింది. ఏమి రంగు! నెమలి మెడ లాంటి నీలం. ఒక ముసలమ్మ చేతులు జోడించి దణ్ణం పెట్టింది. కోళ్ళు గంప కిందికి పోవడం మానేసి నిలబడి చూశాయి. లోవరాజు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

అప్పుడు సంత రోజు వచ్చింది. జీపు ముసుగు మలుపు చేరింది. ఆ నీలం వెలుగంతా వెళ్ళి మంచుకి తగిలి, వెనక్కి తిరిగొచ్చి లోవరాజు కళ్ళల్లోనే పడింది. ముందు దారి లేదు. నీలం గోడ ఉంది. ఇంక చేసేదేముంది, నూకాలు మళ్ళీ తువ్వాలు తీసుకుని దిగింది. కానీ అమ్మడూ, ఆ వెలుగులో తెల్ల తువ్వాలు కూడా నీలమైపోయింది! మంచూ నీలం, తువ్వాలూ నీలం. ఏది మంచో ఏది మనిషో తెలియలేదు. జీపు ముందు రేకు వచ్చి నూకాలు వీపుకి తగిలింది. మెల్లగానే తగిలిందిలే. అయినా ఆ రోజు సంతలో బుట్టలు దించగానే లోవరాజు నేరుగా జిలానీ కొట్టుకి నడిచాడు.

ఆ తర్వాత ఆయన పదివేలు తీయించి ఆరువేలు పెట్టించాడు. ఇది నీలం కాదు, పాలు పొంగినట్టు తెలుపు. "ఇదిగో, ఇదీ దీపమంటే" అన్నాడు.

మళ్ళీ సంత రోజు వచ్చింది. ఈసారీ మలుపు దగ్గర దారి తెలియక నూకాలు దిగింది గానీ, తువ్వాలు బాగానే కనపడింది. కానీ పాత దీపం గూట్లో కొత్త దీపం పెట్టారు కదా, ఆ వెలుగు రోడ్డు మీద ఉండకుండా పైకీ పక్కలకీ చిమ్మింది. సరిగ్గా అప్పుడే కింద నుంచి పాపారావు బస్సు ఎక్కుతూ వచ్చింది. వెలుగు పోయి పాపారావు కళ్ళల్లో పడింది. ఆయనకి రోడ్డు కనపడలేదు, జీపు కనపడలేదు. రెంటి మధ్యలో తువ్వాలు కప్పుకుని నిలబడ్డ నూకాలు అసలే కనపడలేదు.

బస్సు కీచుమని ఆగింది. నూకాలు చెయ్యి చాపితే బస్సు అద్దం అందేంత దగ్గరలో ఆగింది.

పాపారావు కళ్ళు నులుముకుంటూ దిగాడు. "ఒరే లోవరాజూ! సూరీణ్ణి జీపుకి కట్టుకుని బయల్దేరావేట్రా? నీకు దారి కనపడితే సాలా? ఎదురొచ్చేవోళ్ళు ఏటైపోవాలి?" అని అరిచాడు. అప్పుడు నూకాలుని చూశాడు. రోడ్డు మీద అలాగే కూర్చుండిపోయాడు.

"అమ్మమ్మా, నీ పేరు కూడా నూకాలమ్మే కదా?"

మా వైపు ఊరికి సగం మంది నూకాలమ్మలే. కథలో అడ్డం రాకు.

అప్పుడు నూకాలు ఏమన్నదంటే, "రెండు సార్లు నువ్వెళ్ళావు, మూడోసారి నేనూ వస్తాను" అన్నది. జిలానీ కొట్టుకి ఇద్దరూ కలిసి వెళ్ళారు.

నూకాలు నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కొత్తగా నేర్చుకున్న మనిషికి చదవడమంటే ఆకలి. సబ్బు కాగితం దొరికినా చదివేది, గోడ మీద ఏది రాసినా నిలబడి చదివేది. జిలానీ కొట్లో ఆ మూడు పెట్టెలూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పెద్ద అంకెలు అందరికీ కనపడతాయి. పెట్టె అంచు మీద చీమ తలకాయంత అంకెలు ఇంకొన్ని ఉన్నాయి. ఒక్కో దాని మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది.

పదివేల పెట్టె మీద చిన్న అంకె రెండు వేలు. ఆరువేల పెట్టె మీద చిన్న అంకె రెండు వేల ఎనిమిది వందలు. నాలుగువేల మూడు వందల పెట్టె మీద మూడు వేల రెండు వందలు.

"జిలానీ తమ్ముడూ, ఇదేటి? పెద్ద అంకె పెరిగే కొద్దీ చిన్న అంకె తరుగుతోంది?"

జిలానీ చేతిలో పని వదిలేసి లేచాడు. "అక్కా, ఇన్నేళ్ళలో ఆ చిన్న అంకె చదివింది నువ్వే. వెలుగెంతో చెప్పేది అదే. పైన పెద్దది రంగు లెక్క."

"మరి ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు లోవరాజు.

"నన్ను నోరు తెరవనిచ్చావా బావా? పెద్దదివ్వు, పెద్దదివ్వు అని గల్లా మీద గుద్దితివి!"

రంగుకి లెక్కేమిటని నూకాలు అడిగింది. పక్కనే ఒక కొలిమి ఉంది. జిలానీ వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టాడు. కమ్మరి ఇనుప కడ్డీ నిప్పుల్లో పెట్టాడు. ముందు అది ఎర్రబడింది. తర్వాత మందారం రంగు పోయి నారింజ రంగు వచ్చింది. ఇంకా తిత్తి కొడితే పసుపు, ఇంకా కొడితే తెలుపు తిరిగింది.

"చూశావా అక్కా, వేడి పెరిగే కొద్దీ రంగు మారుతోంది. ఇనుము అంతకు మించి తట్టుకోలేదు గానీ, తట్టుకునేది ఏదైనా ఉంటే, తెలుపు దాటాక నీలంగా వెలుగుతుంది. ఆకాశంలో నీలంగా మెరిసే చుక్కలు అవే. ఎంత వేడికి ఏ రంగో చెప్పేదే ఆ పెద్ద అంకె. దీపం అంత వేడెక్కిందని కాదు, ఆ రంగులో వెలుగుతుందని."

నూకాలుకి ఒళ్ళు జలదరించింది. నీలమంటే చల్లన అనుకుంది ఇన్నాళ్ళూ. డాబా మీద పడుకుని చూస్తే చల్లగా కనపడే ఆ చుక్కే అన్నిటికన్నా మండుతోందా! ఎర్రగా కనపడేదే వాటిలో కాస్త చల్లనా! మనిషి కంటికి ఎంత తెలుసు, ఎంత తెలియదు! ఆమె ఆ కొలిమి ముందు అలా నిలబడిపోయింది. లోవరాజు రెండు సార్లు పిలిస్తే గాని కదల్లేదు.

ఆ తర్వాత జిలానీ నాలుగువేల మూడు వందల దీపం తీశాడు. పాత గూడు పీకేసి, ముందు గుండ్రటి అద్దం, లోపల చిన్న రేకు ఉన్న కొత్త గూడు బిగించాడు. దాని మొహం రవ్వంత కిందికి వంచాడు. గోడకి ఎదురుగా పెట్టి మీట నొక్కాడు. టిక్కుమంది. ముందు లేత నీలం మెరుపు మెరిసింది, వణికింది, నాలుగైదు క్షణాల్లో నిండుగా వెలిగింది. అలా వెలిగేసరికి అప్పుడే తీసిన వెన్న రంగు! గోడ మీద ఆ వెలుగు కత్తితో కోసినట్టు ఉంది. గీతకి కింద పట్టపగలు, గీతకి పైన చీకటి.

"ఈ గీత దాటి పైకి పోదు. ఎదుటివాడి కళ్ళు పైన ఉంటాయి, వెలుగు కిందే ఉంటుంది" అన్నాడు జిలానీ.

అప్పుడు మూడో సంత రోజు వచ్చింది. ఆ ఏటికల్లా పెద్ద మంచు ఆ రోజే. జీపు ముసుగు మలుపు చేరింది. ఎప్పటిలాగే నూకాలు తువ్వాలు దులిపి భుజాల మీద వేసుకుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఒక కాలు కింద మెట్టు మీద పెట్టింది. అప్పుడు ముందుకి చూసింది.

మంచు పోలేదు అమ్మడూ. పైన అలాగే ఉంది, నల్లగా, వేలాడుతూ. కానీ దాని కింద నుంచి వెలుగు దూరింది. నేల మీద చాప పరిచినట్టు పరుచుకుంటూ పోయింది. రాయి రాయి రంగులో ఉంది, గడ్డి గడ్డి రంగులో ఉంది. రోడ్డు అంచున సున్నం కొట్టిన రాళ్ళు ఒకటి, రెండు, మూడు, నాలుగు, వరసగా కూర్చుని కనపడుతున్నాయి. పంతొమ్మిదేళ్ళు కాలితో తడిమిన అంచుని ఆమె మొదటిసారి కళ్ళతో చూసింది. గడ్డి అంచున చిన్న చిన్న ఊదారంగు పూలు కూడా ఉన్నాయి. అన్నేళ్ళూ వాటి మీదే నడిచింది, ఎప్పుడూ చూడలేదు.

వెనక పన్నెండు మందీ మెడలు చాపి చూశారు. ఒక ముసలాయన "అబ్బ" అన్నాడు.

లోవరాజు ఆమె తువ్వాలు కొస పట్టుకుని ఆపాడు. ఒక మాట అన్నాడు. నూకాలు మెట్టు మీది కాలు వెనక్కి తీసుకుంది. జీపు మలుపులోకి దిగింది. ఎదురుగా పాపారావు బస్సు వచ్చింది. ఈసారి బస్సు ఆగలేదు, ఆయన తిట్టలేదు. రెండు సార్లు హారన్ కొట్టి, పక్కనుంచి సాఫీగా ఎక్కి వెళ్ళిపోయాడు. మలుపు దాటింది జీపు. ముందు ఎవరూ నడవకుండానే దాటింది.

కథేమో కంచికి, జీపేమో సంతకి,
మంచేమో కొండకి, మనమేమో మంచానికి.

ఇంక పడుకో.

"అమ్మమ్మా, ఆయన ఏమన్నాడో చెప్పలేదు."

ఏమంటాడు? డ్రైవర్లకి మాటలు తక్కువ. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"కాళ్ళు లోపల పెట్టుకో నూకాలూ. తలుపెయ్యి, చలేస్తంది."