కాలు మార్చే కుంటు

"గుండెలో చేరిన క్రిమిని ఎక్కడ మొదలుపెట్టి పట్టుకోవాలి సార్?" అని మా కుర్ర డాక్టరు నిరంజన్ ఒక ఉదయం వేదాచలం గారిని అడిగాడు. కుక్కల గుండెజబ్బుల్లో ఆయన్ని మించినవారు మా పశువైద్యశాలలో లేరు. కానీ అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు బొత్తిగా లేదు. "బయట ఎవరో వచ్చినట్టున్నారు, చూద్దాం పద," అన్నారు.

వచ్చింది కుళ్ళాయమ్మ, సంతలో పూలమ్మే మనిషి. ఒళ్లో బుడ్డోడనే నాటుకుక్క, జ్వరంతో కాలిపోతోంది. ఆమె మూడు రోజులుగా వస్తూనే ఉంది, నిరంజన్ చూస్తూనే ఉన్నాడు, కుక్క చిక్కిపోతూనే ఉంది. చీటీలో మొదటిరోజు 'వెనక కుడికాలు కుంటు' అని ఉంది. రెండోరోజు 'ముందు ఎడమకాలు' అని రాసి, కొట్టేసి, మళ్లీ 'వెనక కుడి' అని దిద్ది ఉంది. ఎక్స్‌రేలో ఆ కాలికి ఏమీ లేదు. నిరంజన్ అప్పటికే యాంటీబయోటిక్ సిరంజిలోకి లాగి పెట్టుకున్నాడు.

"ఇదెందుకు కొట్టేశావయ్యా?" అని వేదాచలం గారు చీటీ చూపించి అడిగారు.

"పెద్దామెకు కుడి ఎడమలు తెలియవు సార్. రోజుకో కాలు చెబుతోంది."

మాకందరికీ నవ్వొచ్చింది. నిజం దాచడమెందుకు, నేనూ నవ్వాను.

కుళ్ళాయమ్మకు మండింది. "అన్నం తినే చెయ్యేదో, కడుక్కునే చెయ్యేదో నేనెరగనా నాయనా? వానికే నిలకడ లేదు. మొన్న కుడిది, నిన్న ఎడమది, ఈ పొద్దు ఇంకోటి!" అంటూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. "పూలమ్మి ఇంటికొచ్చేతలికి వాకిట్లో వీడే ఉంటాడు సార్. నాకింకెవురుండారు?"

వేదాచలం గారు నేలమీద చతికిలబడి, స్టెతస్కోపు బుడ్డోడి రొమ్ముకు ఆనించి కళ్లు మూసుకున్నారు. చాలాసేపు విన్నాక దాన్ని నిరంజన్ చెవుల్లో పెట్టారు. గుండె చప్పుడు మధ్యలో ఉండకూడని బుస ఒకటి ఉంది. మొన్న ఆ గుండె బాగుందని రాసింది కూడా నిరంజనే.

అతను కంగారుగా సిరంజి అందుకోబోతే వేదాచలం గారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు. "ముందు రక్తం. మందు పడ్డాక క్రిమి పేరు చెప్పదు." బొచ్చు గొరిగి, శుభ్రం చేసి, మూడు చోట్ల నుంచి, అరగంటకోసారి, క్రిమిని పెంచి చూసే మూడు సీసాల్లోకి రక్తం తీశారు. స్కాన్‌లో గుండె కవాటం మీద జొన్నగింజంత పొక్కు ఊగుతూ కనిపించింది. గుండెలో చేరిన క్రిమి రక్తంలో కొట్టుకుపోయి రోజుకో కాలి కీలును పట్టుకుంటుందట, కుంటు కాలు మారింది అందుకే. అప్పుడు ఎక్కించారు మందు. రెండు రోజులకు రెండు సీసాల్లో ఒకే క్రిమి పెరిగింది, దానికి సరిపడే మందుకు మార్చారు.

"బతుకుతాడని మాటివ్వలేను తల్లీ," అని ఆయన ఉన్నమాట చెప్పేశారు. ఆమె విని, కొంగుతో బుడ్డోడి మూతి తుడిచింది. నాకు మాత్రం దుఃఖం ఆగలేదు.

పదకొండో రోజు వాళ్లు రాగానే నిరంజన్ ఎదురెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, ఈ రోజు ఏ కాలు?"

"ఏ కాలూ లేదు నాయనా. పొద్దున నాకంటే ముందు వాకిట్లోకి పరిగెత్తినాడు."

నిరంజన్ సంతోషం పట్టలేక కుక్కను నడిపించి చూడబోయాడు. వేదాచలం గారు చీటీ, పెన్నూ అతని చేతిలో పెట్టారు.

"ముందు ఆమె అన్నది రాయి నాయనా. అన్నది అన్నట్టే."