పొగ పట్టిన లెక్క

పూర్వం ఒక రాజధానిలో నూకాలమ్మ అనే పేదరాలు కోట గుమ్మం పక్కన అట్లు పోసి అమ్ముకునేది. ఆమెకు చదువు రాదు. అయినా ఏ రోజు లెక్క ఆ రోజే తేల్చేది. కుంచెడు పిండి అట్లు అమ్ముడైతే పొయ్యి వెనక గోడ మీద ఒక సున్నపు బొట్టు పెట్టేది. కుంచానికి ఒక కాసు సుంకం.

ఏడాది చివర సుంకాల అధికారి భుజంగరావు చిట్టా పట్టుకొచ్చాడు. "ఆరు వందల కాసులు కట్టు. లేకపోతే కొట్టు జప్తు చేస్తాను."

గోడ మీద ఉన్నవి మూడు వందల బొట్లే. నూకాలమ్మ వెళ్లి మంత్రిగారి కాళ్ల మీద పడింది. ఆయన వెంటనే స్వయంగా వచ్చి గోడ చూశాడు.

"ఇదీ ఒక లెక్కేనండీ? సుంకానికి నేను వస్తానని నిన్న కూర్చుని పెట్టి ఉంటుంది" అని భుజంగరావు నవ్వాడు.

"నిన్న పెడితే అన్నీ తెల్లగా ఉండాలి కదా బాబూ!" అంది నూకాలమ్మ. "ఉగాది బొట్లు మసిబారాయి. దసరావి బూడిద రంగులో ఉన్నాయి. నిన్నటిదొక్కటే తెల్లన. ఏడాది పొగ ఒక్క పూటలో పట్టించడం నా తరమా? అయ్యగారి చిట్టా కూడా ఏడాది పొడుగునా రాసిందే కదా, ఒకసారి తెరిపించండి."

మంత్రి చిట్టా తెరిచాడు. ఉగాది పుట మీద వేలు పెడితే సిరా వేలికి అంటింది.

"ఏడాదంతా నిద్రపోయి ఈ పొద్దున ఊహించి రాశావన్నమాట! రేపటి నుంచి రోజూ ఇక్కడికొచ్చి, ఈవిడ బొట్టు పెట్టాకే నువ్వు రాసుకో" అన్నాడు మంత్రి.

"రండి బాబూ, వేడివేడి అట్టు పెడతాను" అంది నూకాలమ్మ జాలిగా. "డబ్బు మాత్రం అప్పటికప్పుడే ఇవ్వాలి."