పొలిమేరలో అలకపాన్పు

మావిళ్లసీమను ఏలే నరసభూపతి మంచి రాజే గాని, పిలుపు కాస్త ఆలస్యమైనా, విస్తట్లో ఒక గారె తగ్గినా మూతి ముడుచుకుని కూర్చునేవాడు.

ఈ రోగం ఆయనకు పెళ్లిలో పట్టుకుంది. అలకపాన్పు మీద కూర్చుని "గుర్రం ఇస్తేగాని లేవను" అన్నాడు. మామగారు గుర్రం తెచ్చాడు. "మరి జీనో?" అన్నాడు. జీనూ వచ్చింది. ఇంకేముంది! అలిగితే చాలు, లోకమంతా గుర్రం పట్టుకుని వెంటబడుతుందని ఆయనకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. పెళ్లికొడుకు దర్జా ఆ నాలుగు రోజులేనని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మీలో కూడా అలిగేవాళ్లున్నారని నాకు తెలుసు. చేతులెత్తక్కర్లేదు, వినండి చాలు.

మావిళ్లసీమ చుట్టూ నాలుగు సీమలుండేవి. ఒకచోట మిరప పండేది, ఒకచోట ఆవాలు, మరోచోట నువ్వులు. సముద్రం పక్కనున్న సీమలో ఉప్పు పండేది. మావిళ్లసీమలో చెప్పుకోదగ్గ పంట మామిడొక్కటే. దేవుడు ఆవకాయను అయిదు వాటాలు వేసి అయిదుగురికీ తలా ఒకటి పంచిపెట్టాడన్నమాట. అందుకని వాళ్ల తాతలు తెలివిగా ఒక కూటమి కట్టుకున్నారు. ఒకరి సరుకు మీద ఇంకొకరు సుంకం వేయకూడదు. బయటివాళ్లతో బేరమంటూ వస్తే అయిదుగురూ కలిసి కూర్చునే చేయాలి. ఏ ఒక్కరు వద్దన్నా ఆ బేరం ఆగిపోవాలి.

ఒక ఏడాది ముత్యాలదీవి నుంచి ఒక దూత ఓడ దిగాడు. "మీ మిరప, ఆవాలు, నూనె, ఉప్పు ఎంతుంటే అంతా మేం కొంటాం. బదులుగా మా దీవి మామిడికాయను మీ సంతల్లో సుంకం లేకుండా అమ్ముకోనివ్వండి" అన్నాడు. నాలుగు సీమల వాళ్లకూ నోరూరింది. మావిళ్లసీమ రైతులకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

రైతుల పెద్ద బంగారయ్య కోటకు పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ! దీవి కాయ చవకట. అది వచ్చిపడితే మా కాయ మొహం చూసేదెవరు? తోటలు నరికి పొయ్యిలో పెట్టుకోవాలి. మీరు వెళ్లి మా మాట కాస్త గట్టిగా చెప్పండి" అని మొత్తుకున్నాడు.

ఆ భయం సబబైనదే. నేను తప్పు పట్టను. రాజు కూడా "నేనున్నానుగా!" అని మీసం దువ్వి బయలుదేరాడు.

సభ ఉప్పుసీమలో. అక్కడి రాజు బుచ్చిభూపతి మర్యాదస్తుడు. కాకపోతే నరసభూపతి దారిలో ఒక కునుకు తీసి ఆలస్యంగా వెళ్లాడు. అప్పటికే మాటలు మొదలయ్యాయి.

"రా బావా, కూర్చో. ఇప్పుడే మొదలుపెట్టాం" అన్నాడు బుచ్చిభూపతి.

"నేను రాకుండానే మొదలుపెట్టారా!"

"మిరప సంగతొక్కటే అయింది. మామిడి సంగతి నీకోసమే ఆపాం. ముందు ఆ దూత చెప్పేది..."

"ఇంకేం చెబుతాడు, నా తలకాయ! నా కొంప ముంచే బేరాన్ని నా వెనకాల మాట్లాడుకుంటారా? ఈ కూటమిలో నేనుండను. ఇదే నా ఆఖరి మాట!" అని కండువా దులుపుకుని చక్కా వచ్చేశాడు.

దారిలో మంత్రి సోమన లబోదిబోమన్నాడు. "ప్రభూ, వద్దని ఒక్క ముక్క అంటే బేరమే ఆగిపోయేదిగా! లేచి వచ్చేయడమెందుకు?"

"నీకు రాజనీతి తెలీదోయ్. నేను నిజంగా వచ్చేశాననుకున్నావా? అలిగానంతే. చూస్తూ ఉండు, నలుగురూ కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి బతిమాలతారు" అన్నాడు నరసభూపతి.

అని ఊరుకున్నాడా? ఉప్పుసీమ దారికి అడ్డంగా, సరిగ్గా పొలిమేరలో, పట్టుపరుపుతో ఒక పందిరిమంచం వేయించాడు. దాని మీద మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. రాణి మాణిక్యాంబ చూసి తల బాదుకుంది. "ఇదేమైనా మా పుట్టిల్లనుకున్నారా? మా నాన్న కూతుర్నిచ్చాడు గనక భరించాడు. వాళ్లేమిచ్చారని ఈ అలక?" అంది. రాజు మొహం ఇంకాస్త తిప్పుకున్నాడు.

కొన్నాళ్లకు ఉప్పుసీమ వైపు దుమ్ము లేచింది. "వచ్చేశారు! నేను చెప్పలా?" అని రాజు గబగబా మూతి ముడిచి, కళ్లు మూసుకున్నాడు. వచ్చింది ఒకే ఒక్క బంటు. భుజం మీద గునపం, చేతిలో ఒక పెద్ద కర్ర. రాజుకు వంగి దండం పెట్టి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

రాజు ఒక కన్ను తెరిచాడు. "ఏమిట్రా అది?"

"సుంకం ఠాణా ప్రభూ. తమరిప్పుడు కూటమిలో లేరు కదా!"

"మీ రాజు ఏమీ అనలేదూ? నన్ను తీసుకురమ్మనలేదూ?"

"లేదు ప్రభూ. 'బావ ఆఖరి మాట అన్నాడు. పెద్దమనిషి మాటను మనం తేలిగ్గా తీసుకుంటే ఆయన గౌరవానికే లోటు' అన్నారు. కాస్త ఆ మంచం జరుపుతారా? కర్ర సరిగ్గా అక్కడే పాతమన్నారు."

రాజు మంచం జరిపాడు. ఏం చేస్తాడు పాపం!

సేనాపతి మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. "పీడా వదిలింది ప్రభూ! ఇక మన కాయ మన ఇష్టం. ఎవరికి కావాలంటే వాళ్లకు అమ్ముకుందాం" అన్నాడు. మాట నిజమే. అమ్ముకోవడానికి అడ్డేమీ లేదు, కొనేవాడు దొరకాలంతే. బండ్లు కట్టుకుని కొండల అవతలికి వెళ్లారు. అక్కడివాళ్లకు ఆవకాయ అంటే ఏమిటో తెలీదు. పచ్చికాయ కొరికి, పళ్లు పులిసిపోయి, బండ్లవాళ్లను ఊరి బయటిదాకా తరిమారు.

ఈలోగా ఆవకాయ రోజులు వచ్చాయి. మావిళ్లసీమలో ఏ చెట్టు చూసినా కాయే. కాని ఉప్పు మీద సుంకం, కారం మీద సుంకం, ఆవపిండి మీద సుంకం, నూనె సంగతైతే అడగొద్దు. ఆడవాళ్లు జాడీలు కడిగి ఎండబెట్టి, మళ్లీ అటక మీద పెట్టేశారు. అవతల నాలుగు సీమలూ దీవితో బేరం కుదుర్చుకుని దీవి కాయతోనే ఆవకాయ కలిపేసుకున్నాయి. వద్దనే మనిషి సభలో లేడు, మరి ఆపేదెవరు? గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ ఘాటుకు మావిళ్లసీమ మొత్తం లొట్టలేసేది.

బంగారయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి మొత్తుకోలేదు, మంచం పక్కన చతికిలబడ్డాడు. "ప్రభూ, కాయ టెంక ముదిరిపోతోంది. ఇంకొన్నాళ్లాగితే ముక్కలకు పనికిరాదు. మా పుల్లకాయను పండబెట్టినా పీచే గాని రసముండదు. ఏడాదంతా మేం తినే తిండి ఆ చెట్ల మీదే ఉంది" అన్నాడు.

ఆ రోజు భోజనంలో రాణి పెరుగన్నం వడ్డించి, పక్కన ఒట్టి పచ్చిమామిడి ముక్క పడేసింది.

"ఆవకాయ ఏదీ?" అన్నాడు రాజు.

"మీ మంచాన్నే అడగండి, వడ్డిస్తుందేమో!" అంది రాణి.

రాజు చెయ్యి కడుక్కుని లేచాడు. గుర్రమెక్కి ఉప్పుసీమ దారి పట్టాడు. పొలిమేరలో బంటు వినయంగా దండం పెట్టి గుర్రానికి సుంకమడిగాడు. అదిచ్చాక జీనుకు వేరే అడిగాడు.

సభలో ఆయన కుర్చీలో దీవి దూత కూర్చుని ఉన్నాడు. పాత నరసభూపతి అయితే అది చూసి అటునుంచటే తిరిగిపోయేవాడు. ఈసారి మాత్రం నిలబడ్డాడు.

"బావా, బుద్ధి గడ్డితిని లేచిపోయాను. కుర్చీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు, నుంచునే చెబుతాను. మా రైతుల కాయ అమ్ముడయ్యేదాకా దీవి కాయ సంతలోకి రాకూడదు. నాకు కావలసింది అదొక్కటే."

దూత తెల్లబోయాడు. "ఇంతేనా? అయ్యా, మీ కాయ అయిపోయాకగాని మా కాయ కోతకే రాదు! ఈ ఏడు మీరు లేరు కదా అని వీళ్లు తొందరపెడితే, లేత కాయలే కోసి పంపాం. ఆవకాయలో పులుపు లేదని ఊరూరా మమ్మల్ని తిట్టిపోస్తున్నారు. ఆ రోజు మీకు ఈ ముక్కే చెప్పబోయాను. మీరు ఆగితేగా!"

నలుగురు రాజులూ సరేనన్నారు. తాంబూలం నమిలినంత సేపు కూడా పట్టలేదు. నరసభూపతిని మళ్లీ కూటమిలో కలుపుకున్నారు.

ఆయన సంబరంగా తిరిగొచ్చి బంగారయ్యను పిలిచి అంతా చెప్పాడు. "వచ్చే ఏటి నుంచి మీ కాయకు తిరుగులేదు!" అన్నాడు.

బంగారయ్య చెట్ల కింద రాలి కుళ్లుతున్న కాయల వైపు చూశాడు. "మంచి బేరమే తెచ్చారు ప్రభూ. ఈ ముక్క ఆ రోజే అడిగుంటే, ఈ ఏడు కూడా మా పొయ్యిలు వెలిగేవి కదా?" అన్నాడు.

రాజు సిగ్గుతో తల దించుకున్నాడు. మళ్లీ పంట వచ్చేదాకా రైతుల కుటుంబాలన్నిటికీ కోట గాదెల్లోంచి ధాన్యం కొలవమన్నాడు.

కూటమిని ఎన్నడూ విడవకూడదని నేననను. చెప్పాల్సింది చెప్పి, వినాల్సింది విని, అప్పటికీ పొసగకపోతే అప్పుడు ఆలోచించుకోవచ్చు. కాని బేరంలో మనవాళ్లకు నష్టం కనిపించినప్పుడు అక్కడే కూర్చుని నోరు విప్పాలి. అలిగి లేచిపోతే ఆ నష్టం ఆగదు సరికదా, అడ్డుకునే మనిషి కూడా లేకుండా పోతాడు.