పిల్ల నిద్రా, పెట్టె నిద్రా

ఇంటిని ఇంటివాళ్ళ చెప్పుచేతల్లో ఉంచే విద్యలో తనకు తెలియని సంగతి ఉత్తరాంధ్ర మొత్తంలో లేదని గౌరినాయుడు ఒక ఆదివారం పొద్దున్న నలుగురిలో ప్రకటించాడు. మాట నోట్లో ఉండగానే వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నాన్న స్నానాలగదిలో ఒళ్ళంతా నురగతో, చీకట్లో నిలబడి చప్పట్లు కొడుతున్నాడని, చప్పట్లకి వెలిగేలా కొడుకు పెట్టిన దీపం మాత్రం వెలగట్లేదని చెప్పింది.

"సబ్బు చేతుల చప్పట్లు దానికి వినబడవమ్మా. తుడుచుకోమను."

"తువ్వాలు ఎక్కడుందో కనబడొద్దేటిరా? స్విచ్చు కూడా నువ్వే పీకేసినావు."

ఫోన్ పెట్టేశాక గౌరినాయుడు తన ప్రకటనను కొంచెం సవరించాడు. తెలియనిది లేదంటే, ఏది ఎక్కడ దొరుకుతుందో తెలియనిది లేదని అర్థమట.

ఇదంతా జరిగింది విజయనగరంలో, ఒక సైకిల్ షాపు మీది గదిలో. ఆ గది పైడిరాజు మాస్టారిది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఆదివారాలు అక్కడ కూర్చుని వచ్చినవాళ్ళకి స్మార్ట్ హోమ్ పని నేర్పుతారు. కాకపోతే ఆయనకొక పట్టింపుంది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలి. దీపం వెలగమన్న మాట కూడా గడప దాటి, ఏ కంపెనీ వాకిట్లోనో నిలబడి, అనుమతి తెచ్చుకోకూడదు. అందుకని ఎవరెవరో కలిసి రాసి అందరికీ వదిలేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఇంట్లోనే ఒక మూల కూర్చునే చిన్న కంప్యూటరు పెట్టె, ఇవే ఆయన సరంజామా. ఈ విద్య ఏ బడిలోనూ వరసగా చెప్పరు. వీడియోలు, కోర్సులు, ఫోరంలలో పాత చర్చలు, తయారుచేసినవాళ్ళు రాసిపెట్టిన డాక్యుమెంట్లు, వీటి మధ్య ఎవరి దారి వాళ్ళు వెతుక్కోవాలి. గౌరినాయుడు వాటన్నిటినీ చీమ నూకలు పోగేసినట్టు పోగేశాడు. చీమకీ అతనికీ ఒకటే తేడా. చీమ తింటుంది.

"మాస్టారూ," అన్నాడు ఆ రోజు, "ఇన్నిట్లో నేర్చుకోడానికి ఏది మంచిదంటారు?"

మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. మేకుకున్న స్కూటరు తాళం అందుకుంటారు.

"ఎక్కడికండి?"

"దాసన్నపేట."

"జవాబు అక్కడుందేటి?"

"ఉందో లేదో. పని మాత్రం ఉంది."

దాసన్నపేటలో ఒక మేడ మీద వాటాలో హైమావతి జాకెట్లు కుడుతుంది. ఆవిడకీ, బట్టల కొట్లో పనిచేసే భర్త దాలినాయుడికీ పుట్టుకతో వినబడదు. చేతులతో మాట్లాడుకుంటారు. ఆ భాష రానివాళ్ళు వస్తే హైమావతి కొలతలు గీసే సుద్దబిళ్ళ తీసి నల్లటి లైనింగు గుడ్డ మీద రాసి చూపిస్తుంది, చదివాక దులిపేస్తుంది. వాళ్ళకి ఎనిమిది నెలల పాప. వీళ్ళు వెళ్ళేసరికి పాప చీరుయ్యాలలో నిద్రపోతోంది. ఉయ్యాలకి కట్టిన చీర అంచు పీలిక ఒకటి గదికి అడ్డంగా వచ్చి, కుట్టుమిషను దగ్గర హైమావతి ఎడమ మణికట్టుకి ముడిపడి ఉంది.

పిల్ల కదిలితే తాడు లాగుతుంది, తల్లి లేస్తుంది. ఏర్పాటు బాగానే ఉంది గానీ, పిల్ల కలలో కాలు విదిల్చినా, కిటికీలోంచి గాలి కొట్టినా లాగుతుంది. జాకెట్టు చెయ్యి సగంలో ఆగిపోతుంది. అదొక్కటే అయితే ఓర్చుకునేది. మొన్న జ్వరం వచ్చినప్పుడు పాప కదలకుండా పడుకునే ఏడ్చింది. తాడు లాగలేదు. దాలినాయుడు ఇంటికొచ్చి చూసేసరికి పిల్ల మొహం కందిపోయి, నోరు తెరుచుకుని వెక్కుతూ ఉందట.

ఆ తరవాత దాలినాయుడి తమ్ముడు ఒక కెమెరా కొనిచ్చాడు. పిల్ల ఏడిస్తే ఆ ఏడుపు ఎక్కడికో పోయి, అక్కడినుంచి ఫోన్లో మెరుపై తిరిగొచ్చేది. అయితే కొలతలకి వచ్చిన ఆడవాళ్ళు గోడ మీది ఆ కన్ను చూసి, పైట సర్దుకుని, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. కెమెరా అటక ఎక్కింది, తాడు చేతికొచ్చింది.

"చేస్తావా?" అన్నారు మాస్టారు.

"నాలుగు రోజుల్లో ఆ తాడు తెంపించేస్తాను, చూడండి."

తెంపించలేదు గానీ, పని మాత్రం నాలుగు రోజుల్లో చేశాడు. ఉయ్యాల పైన ఏడుపు పట్టే చిన్న మైకు పెట్టాడు, బీరువా మీద కంప్యూటరు పెట్టె, మిషను ఎదురుగా ఎర్ర బల్బు. ఏడుపు మైకు నుంచి పెట్టెకి, పెట్టె నుంచి బల్బుకి వెళ్తుంది. ఏ చప్పుడూ గది దాటదు, బొమ్మ తీసేది ఏదీ లేదు. పాప నిద్రలేచి రాగం అందుకోగానే బల్బు భగ్గుమని వెలిగింది. హైమావతి మొహం కూడా వెలిగింది.

"ఇంటివాళ్ళకి కూడా నేర్పి రా," అన్నారు మాస్టారు. గౌరినాయుడికి నేర్పడమంటే పంపడమే. తన దగ్గరున్న వీడియోల్లో ఏరి ఏరి ఒక దండ గుచ్చి ఆవిడ ఫోన్‌కి పంపాడు. మొదటిదాని పక్కన "ఇది తప్పక చివరిదాకా చూడండి" అని రాసి, నమస్కారం బొమ్మ కూడా పెట్టాడు.

రెండో ఆదివారం ఇద్దరూ వెళ్ళేసరికి తాడు మణికట్టు మీదే ఉంది.

గౌరినాయుడికి చిన్నతనమనిపించింది. దీపం పాడైందేమోనని ఉయ్యాల దగ్గరికెళ్ళి, పాప తల్లి ఒళ్ళో మెలకువగానే ఉంది కాబట్టి, తనే పసిపిల్లలా ఏడ్చి చూపించాడు. చాలా సహజంగా ఏడ్చాడు. పక్కవాటా ఆవిడ తలుపు తీసి, పిల్లకి ఉగ్గు పట్టమని సలహా ఇచ్చి వెళ్ళింది. ఎర్ర బల్బు వెలిగింది. హైమావతి బల్బు చూసి తలూపింది. తాడు విప్పలేదు.

"పన్జేస్తోంది కదండీ, మరెందుకు నమ్మదు?" అన్నాడు మాస్టారితో. "నేర్చుకోమని వీడియోలు కూడా పంపాను. అన్నీ మంచివే. ఆ కుర్రాడు ఎంత విడమరిచి చెబుతాడంటే..."

"ఏం చేస్తాడు?"

"చెబుతాడండి. మాట..." అని గౌరినాయుడు ఆగిపోయాడు. నాలిక కరుచుకున్నాడు. పంపినవన్నీ గంటలకొద్దీ మాటలు. అడుగున అక్షరాలు పడే వీడియో ఒక్కటైనా ఏరాలని తట్టలేదు. వినబడని మనిషికి వినమని పంపాడు.

మాస్టారు కిటికీలోంచి కరెంటు స్తంభాన్ని చూస్తున్నారు. అంత చూడాల్సినదేమీ ఆ స్తంభానికి లేదు.

హైమావతికి వీళ్ళ మొహాలు చూస్తే సంగతి అర్థమైనట్టుంది. చెవి మీద వేలు పెట్టి, తల అడ్డంగా తిప్పి, నవ్వింది. తరవాత రెండు కళ్ళనీ చూపించింది. లైనింగు గుడ్డ దగ్గరికి లాక్కుని సుద్దతో రాసింది.

"అన్నీ చూశాను."

దులిపేసి మళ్ళీ రాసింది.

"ఎర్రదీపం వెలగలేదనుకో. నిద్రపోతున్నది పిల్లా, పెట్టా?"

గౌరినాయుడు ఆ గుడ్డని రెండుసార్లు చదివాడు. జవాబు చెబుదామని చేతులెత్తాడు గానీ, బస్సు ఆపుతున్నవాడిలా ఉండిపోయాడు. హైమావతి లేచి బీరువా దగ్గరికెళ్ళి, పెట్టె ప్లగ్గు పీకింది. ఇప్పుడు ఏడవమన్నట్టు అతనికి చెయ్యి చూపింది. ఈసారి ఏడుపు అంత సహజంగా రాలేదు. బల్బు నల్లగా ఉంది. పాప హాయిగా నిద్రపోయేటప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

ఆవిడ ఇంకో వాక్యం రాసింది.

"శుక్రవారం కరెంటు పోయొచ్చాక ఇది లేవలేదు. పాప ఏడ్చింది. తాడు లేపింది."

దీపం మీద నమ్మకంతో ఆ తాడు ముందే విప్పించి ఉంటే ఏమయ్యేదో గౌరినాయుడికి ఒక్కసారిగా కళ్ళముందు కనబడింది.

హైమావతి ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. చివరిదాకా చూడమని అతనే రాసి పంపిన వీడియో అది. దాన్ని చివరికి జరిపి ఆపింది. అందులో ఆ కుర్రాడి బల్ల మీద, మిగతా సరంజామా పక్కన, చిన్న ఆకుపచ్చ దీపం ఒకటి గుండె కొట్టుకున్నట్టు వెలిగి ఆరుతోంది. ఆవిడ దాని మీద వేలు పెట్టి, ఖాళీగా ఉన్న తన గోడ మీద అదే వేలు పెట్టింది. రాయాల్సిన అవసరం రాలేదు. నాకెందుకు పెట్టలేదని అడుగుతోంది.

"ఒక్కసారి గుర్తుచేసుకుంటానండి," అని గౌరినాయుడు ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని, గోడవైపు తిరిగి, ఆ చివరి భాగం మొత్తం ఊపిరి బిగబట్టి చూశాడు. గుర్తుచేసుకునే మనిషి అంత ఆత్రంగా చూడడు. మాస్టారు అది గమనించారో లేదో తెలియదు. ఆయన పాపకి తన కళ్ళజోడు ఇచ్చి ఆడిస్తున్నారు.

కిటుకు చిన్నదే. మైకు ప్రతి క్షణం పెట్టెకి 'ఉన్నాను' అని చెప్పాలి. పెట్టె ఆ మాట ఆకుపచ్చ దీపానికి చెప్పాలి. మాట అందినంతసేపే దీపం కొట్టుకుంటుంది. మైకు చచ్చినా, పెట్టె పడుకున్నా, మధ్యలో తీగ ఊడినా, కరెంటే పోయినా ఆరిపోతుంది. అంటే ఆకుపచ్చ కొట్టుకుంటూ ఎర్రది నల్లగా ఉంటే, నిద్రపోతున్నది పిల్లే. ఆకుపచ్చ కూడా ఆరిందంటే, లేచి వెళ్ళి చూడాలి. కరెంటు రాగానే పెట్టె తనంతట తనే లేచే మార్గం కూడా అదే వీడియోలో ఉంది. గౌరినాయుడు మాస్టారి గదికి పరిగెత్తి సామాను తెచ్చాడు, మధ్యాహ్నం భోజనం మరిచిపోయాడు, సాయంత్రానికి దీపం గోడకెక్కించాడు.

హైమావతి ఊరికే తలూపలేదు. తనే ప్లగ్గు పీకింది. ఆకుపచ్చ ఆరింది. పెట్టింది, అది లేచి మళ్ళీ కొట్టుకునేదాకా నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది. మైకు తీగ ఊడదీసింది. మెయిన్ స్విచ్చే కట్టేసి వచ్చింది. గౌరినాయుడు చెప్పనివి కూడా రెండు మూడు చేసి, అది ఆరాల్సినప్పుడల్లా ఆరుతోందని చూసుకుంది. చివరికి పాపని ఉయ్యాలలో పడుకోబెట్టి, మిషను ముందు కూర్చుని, పంటితో ముడి వదులు చేసి, మణికట్టు మీది పీలిక విప్పింది. చర్మం మీద తాడు పడ్డచోట తెల్లటి గీత ఉంది. దాన్ని కాసేపు రుద్దుకుని, ఎన్నాళ్ళుగానో సగంలో ఆగిన జాకెట్టు చెయ్యి తీసి, రెండు చేతులా పట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఉయ్యాలవైపు తల తిప్పలేదు. అప్పుడప్పుడు కళ్ళెత్తి గోడ మీది దీపాన్ని చూసుకుంది, అంతే.

గౌరినాయుడు మాస్టారి వెనకే మెట్లు దిగాడు. కింద చెప్పులు తొడుక్కుంటూ, మాస్టారి మొహం చూడకుండా అన్నాడు.

"ఒక మాట చెప్పాలండి. ఆ వీడియో ఇంతకుముందు ఎంతోమందికి పంపాను. తప్పక చూడమన్నాను. చివరిదాకా నేనెప్పుడూ చూడలేదు. సగంలో ఆపేశాను. ఇవాళే, ఆవిడ ఫోన్లో, మొదటిసారి."

మాస్టారు రెండో చెప్పు కోసం కాలితో వెతుక్కుంటూ అన్నారు.

"నీకు ఆపేసే వీలుంది నాయనా. పిల్లతల్లి, ఆవిడకి లేదు."